గుడ్డకెక్కిన వాక్యం

నవలలోని ఒక వాక్యం నవలని వదిలేసి చొక్కా మీదికి వచ్చి నిలబడితే దాని అర్థం ఏమవుతుంది? సాహిత్యం చదువుకున్న మనకి ఇది పెద్ద ప్రశ్నగా తోచదు. తాళపత్రాలూ శాసనాలూ పత్రికల పాత సంచికలూ మనకి ఆధారాలు. రెండు ఉతుకులకే రంగు వెలిసే టీషర్టు ఆధారం కాదు. కానీ పుస్తకం తెరవని ఇళ్ళల్లోకి కూడా ఇంగ్లీషు నవల ఇవాళ ఈ రూపంలోనే అడుగుపెడుతోంది. ఆ వాక్యాన్ని ఒంటిమీద మోసేవాళ్ళలో ఎక్కువమంది ఆడపిల్లలు. ఆ గుడ్డకి నూలు వడికినవాళ్ళూ, దాన్ని కుట్టినవాళ్ళూ ఎక్కువమంది ఆడపిల్లలే. కనుక ఇది మన చరిత్రే.

విచిత్రం ఏమిటంటే టీషర్టు అన్న మాటకే నవలతో బంధుత్వం ఉంది. ఆ మాట మొదట అచ్చయిన చోటుగా చాలాకాలం చెప్పుకున్నది స్కాట్ ఫిట్జెరాల్డ్ 1920లో రాసిన 'దిస్ సైడ్ ఆఫ్ పారడైజ్' నవలని. హాస్టలు బడికి బయలుదేరే ఒక డబ్బున్న కుర్రవాడి బట్టల జాబితాలో అది కనిపిస్తుంది. అప్పటికి అది లోపల తొడుక్కునే బట్ట. 1913 ప్రాంతంలో అమెరికా నౌకాదళం తన నావికులకి ఇచ్చిన బనీను. రెండో ప్రపంచయుద్ధం తర్వాత అది పైబట్ట అయింది, పైబట్ట కాగానే దానిమీద అక్షరాలు మొలిచాయి. 1948లో అమెరికా అధ్యక్ష ఎన్నికల్లో థామస్ డ్యూయీ ప్రచారానికి అచ్చువేసిన చొక్కాని తొలి నినాదపు టీషర్టుల్లో ఒకటిగా అక్కడి మ్యూజియంలో దాచారు. అంటే చొక్కా మీద మొదట మాట్లాడినవాళ్ళు ఓట్లడిగిన మగవాళ్ళు.

స్త్రీలు ఆ గుడ్డని తమకోసం వాడుకోవడం 1970లలో మొదలైంది. న్యూయార్క్‌లో స్త్రీలు నడిపిన 'లాబిరిస్ బుక్స్' అనే పుస్తకాల దుకాణం, భవిష్యత్తు స్త్రీలదే అన్న అర్థంలో ఒక టీషర్టు తయారుచేసింది. 1975లో దాన్ని తొడుక్కున్న ఒక గాయని ఫొటో మిగలబట్టి ఆ సంగతి మనకి తెలుస్తోంది. అది పుస్తకాల కొట్టులో పుట్టిన చొక్కా అని గుర్తుంచుకోవాలి. చదివే స్త్రీలు, చదివించే స్త్రీలు ఒకరినొకరు గుర్తుపట్టడానికి వేసుకున్న చొక్కా. నలభై ఏళ్ళ తర్వాత, 2015లో, అదే నినాదం మళ్ళీ అచ్చయి ప్రపంచమంతా తిరిగింది. ఆ కొట్టు మాత్రం ఎవరికీ జ్ఞాపకం లేదు.

వాక్యం ఇలా తన పుట్టింటిని పోగొట్టుకోవడం మన రంగానికి చెందిన ఒకామె కళ్ళముందే జరిగింది. చరిత్రకారిణి లారెల్ థాచర్ ఉల్రిచ్ 1976లో 'అమెరికన్ క్వార్టర్లీ'లో ఒక పరిశోధన వ్యాసం రాశారు. పదిహేడు, పద్దెనిమిదో శతాబ్దాల న్యూ ఇంగ్లండ్‌లో ప్యూరిటన్ మతాచార్యులు స్త్రీల గురించి రాసినవీ, వాళ్ళు చనిపోయినప్పుడు ఇచ్చిన ప్రసంగాలూ ఆ వ్యాసానికి సామగ్రి. బుద్ధిగా మసలుకున్న ఆడవాళ్ళకి చరిత్రలో చోటు దొరకదని అందులో ఒకచోట ఆమె అన్నారు. ఆ నోరులేని ఇల్లాళ్ళని వెతికి చరిత్రలోకి తేవాలన్నది ఆమె ఉద్దేశం. 1995లో మరొక రచయిత్రి ఆ వాక్యాన్ని తన పుస్తకంలో ఎత్తిరాసింది. 1996లో ఒక యువతి అనుమతి అడిగి దాన్ని టీషర్టు మీద వేసింది. చొక్కా మీదికి రాగానే దాని అర్థం తలకిందులైంది. బుద్ధిగా ఉంటే లాభం లేదు, తిరగబడండి అని జనం చదువుకున్నారు. ఇల్లాళ్ళని గుర్తుచేయడానికి పుట్టిన వాక్యం ఇల్లాళ్ళని వెక్కిరించే వాక్యంగా మారింది. ఉల్రిచ్ కోప్పడలేదు. ఆ ప్రయాణాన్నే తీసుకుని 2007లో, అదే వాక్యం శీర్షికగా, ఒక పుస్తకం రాశారు.

ఇక నవల సంగతి. చొక్కాల మీదా సంచుల మీదా కాఫీ కప్పుల మీదా అన్నిటికంటే ఎక్కువగా కనిపించే నవలా వాక్యాల్లో జేన్ ఆస్టిన్ 'ప్రైడ్ అండ్ ప్రెజుడిస్' తొలి వాక్యం ఒకటి. డబ్బున్న బ్రహ్మచారికి పెళ్ళాం కావాల్సి ఉంటుందన్నది లోకమంతా ఒప్పుకున్న సత్యమట. ఎత్తిపొడుపు తెలిసినవాళ్ళకి ఆ వాక్యం తిరగేసి వినిపిస్తుంది. అవసరం ఆ బ్రహ్మచారిది కాదు, ఆస్తిలేని ఆడపిల్లలది. ఆ వెంటనే వచ్చే వాక్యంలోనే రచయిత్రి అసలు గుట్టు విప్పుతుంది. అతను ఊళ్ళో అడుగుపెట్టకముందే చుట్టుపక్కల కుటుంబాలు అతన్ని తమ కూతుళ్ళలో ఎవరో ఒకరి సొత్తుగా లెక్కవేసుకుంటాయి. అయిదుగురు కూతుళ్ళున్న బెన్నెట్ ఇంటి ఆస్తి, కొడుకు లేడు కాబట్టి, ఎక్కడో ఉన్న మగ దాయాదికి పోతుంది. నవలలోని నవ్వంతా ఈ భయం మీద కట్టిన నవ్వు. రెండో వాక్యం చొక్కా మీద పట్టదు. పట్టకపోవడంతో ఎత్తిపొడుపు కాస్తా శుభాకాంక్ష అయిపోతుంది.

1813లో ఆ నవల వచ్చినప్పుడు దానిమీద ఆస్టిన్ పేరు లేదు. అంతకు ముందు 'సెన్స్ అండ్ సెన్సిబిలిటీ' రాసినవారే దీన్నీ రాశారని మాత్రం ఉంది. ఆ ముందు పుస్తకం మీదా పేరు లేదు, ఒక స్త్రీ రాసిందన్న మాటే ఉంది. హక్కుల్ని ఆమె 110 పౌన్లకి ప్రచురణకర్తకి అమ్మేసింది. 1817లో చనిపోయేదాకా ఏ పుస్తకం మీదా తన పేరు అచ్చులో చూసుకోలేదు. సరిగ్గా 200 ఏళ్ళకి, 2017లో, ఇంగ్లండు 10 పౌన్ల నోటు మీద ఆమె బొమ్మా పేరూ ఒక వాక్యమూ ఎక్కాయి. నోటు మీద స్త్రీ ఉండాలని అక్కడి స్త్రీలు 2013లో చేసిన పోరాటం ఫలితం అది. అయితే ఎంచుకున్న వాక్యం చదువు ఇచ్చే ఆనందాన్ని పొగిడేది, దాన్ని పలికేది కరొలైన్ బింగ్లీ. డార్సీ కంట్లో పడాలని, అతను చదువుతున్న పుస్తకానికి రెండో భాగం కాబట్టి దాన్ని చేతిలోకి తీసుకుని, విసుగెత్తి ఆవలిస్తూ ఆ మాట అంటుంది. చదువంటే గిట్టని మనిషి నటనని చదువుకి ప్రశంసగా ఒక దేశం తన నోటు మీద అచ్చువేసుకుంది. చొక్కాలు అచ్చువేసే కుర్రవాళ్ళని ఇంకేం అంటాం?

మన నవల పుట్టుకలోనూ ఒక గుడ్డ ఉంది. 1878లో 'వివేకవర్ధని'లో మొదలై 1880లో పుస్తకంగా వచ్చిన కందుకూరి వీరేశలింగం 'రాజశేఖర చరిత్రము'కి గోల్డ్‌స్మిత్ 1766లో ప్రచురించిన 'ది వికార్ ఆఫ్ వేక్‌ఫీల్డ్' ప్రేరణ అని అందరికీ తెలుసు. ఆ ఇంగ్లీషు నవల మొదటి పేజీలోనే మతగురువు ఒక పోలిక చెబుతాడు. భార్య తన పెళ్ళి గౌనుని ఎలా ఎంచుకుందో తాను భార్యనీ అలాగే ఎంచుకున్నాడట. మెరుపు చూడలేదట, మన్నిక చూశాడట. తెలుగు నవలకి దారి చూపిన పుస్తకం గడపలోనే ఆడమనిషినీ గుడ్డనీ ఒకే త్రాసులో తూచారు. మతగురువు ఆ మాట అనేనాటికి, ఆస్టిన్ పాత్రలు మస్లిన్‌ల ధరల గురించి కబుర్లు చెప్పుకునేనాటికి, ఆ గుడ్డల్లో మంచివి మన దేశం నుంచి వెళ్ళినవి. మచిలీపట్నం రేవు నుంచి అద్దకపు వస్త్రాలు యూరపుకి ఓడలెక్కాయి. పువ్వులతో వెళ్ళిన గుడ్డ ఇవాళ అక్షరాలతో తిరిగివస్తోంది.

గుడ్డ మీద అక్షరం మనకి కొత్త కాదు. శ్రీకాళహస్తి కలంకారీ తెరల మీద రామాయణ ఘట్టాలు గళ్ళు గళ్ళుగా ఉంటాయి, బొమ్మ పక్కనే కథ తెలుగులో రాసి ఉంటుంది. వెదురు కలంతో రాసే చేతికీ గీసే చేతికీ తేడా లేదు. అక్కడ వాక్యం ఒంటరి కాదు. ముందు గడిలో ఏం జరిగిందో, తర్వాత గడిలో ఏం జరగబోతోందో అదే తెరమీద ఉంటుంది. సీత మాట ఏ సందర్భంలో అన్నదో చూసేవాళ్ళకి తెలుస్తుంది. టీషర్టుకి ఉన్నది ఒకటే గడి.

ఇంత దూరం తిరిగింది బేస్తవారిపేటకి రావడానికే. పేరులోనే వారం ఉన్న ఈ ఊరు మార్కాపురానికీ గిద్దలూరుకీ మధ్య ఉంది. బస్సు కోసం నిలబడ్డప్పుడు ఒక డిగ్రీ పిల్ల కనిపించింది. లెగ్గింగు మీద తెల్ల టీషర్టు, దానిమీద ఆస్టిన్ వాక్యం, దానిమీద అడ్డంగా చున్నీ. మన ఊళ్ళల్లో టీషర్టు తొడుక్కున్నా చున్నీ తప్పదు. అక్షరాలు ఉన్నదే చూపు ఆగకూడని చోట కదా! చున్నీ పోగా వాక్యంలో కొస మాటలు మాత్రం కనిపిస్తున్నాయి. పుస్తకం పేరు చెప్పి, చదివావా అని అడిగాను.

"లేదక్కా. ఇంగ్లీషు బాగుందని తీసుకున్నా. మార్కాపురంలో నూటాయాభై."

"ఏం రాసుందో తెలుసా?"

"పెళ్ళి గురించేదో. అందుకే ఈ చున్నీ" అని నవ్వింది.

పక్కనే వాళ్ళమ్మ, చీర మీద మగవాళ్ళ పొడుగు చేతుల చొక్కా తొడుక్కుని ఉంది. ఈ ప్రాంతంలో మిరపకాయలు కోయడానికీ పత్తి తీయడానికీ వెళ్ళే ఆడవాళ్ళ వేషం అది. ఎండకీ దుమ్ముకీ ఘాటుకీ అడ్డం. ఆమె మా మాటలు విని, "ఇంకో ఏడాదికి అది నాకే వస్తది లేమ్మా, చెమట బాగా పీల్చుద్ది" అంది. ఆస్టిన్ వాక్యానికి ఇంతకంటే నిజాయితీ అయిన విమర్శ నేను చదవలేదు. గుడ్డని గుడ్డగా చూసిన మాట అది.

ఈ నేల మీద స్త్రీ వాక్యం విడిపోయి మిగలడం ఇదే మొదటిసారి కాదు. పక్కనే కంభం ఉంది. అక్కడి పెద్ద చెరువుని శ్రీకృష్ణదేవరాయల భార్య, గజపతుల ఆడపడుచు వరదరాజమ్మ కట్టించిందని చెబుతారు. యుద్ధం ముగించిన సంధిలో భాగంగా విజయనగరానికి వచ్చిన కోడలు ఆమె. రాయల ఆదరణ దొరకని ఆ గజపతి కూతురే తుక్కాదేవి అనీ, కంభంలో ఒంటరిగా బతికిందనీ మరొక కథనం. 'తుక్కాపంచకం' అనే అయిదు సంస్కృత శ్లోకాలు ఆమెవేనని అంటారు. అయిదు శ్లోకాలు మిగిలాయి. ఆమె ఏ గదిలో కూర్చుని అవి చెప్పింది, ఎవరికి చెప్పింది, తర్వాత ఏమైంది అన్నవి మిగల్లేదు. స్త్రీల సాహిత్యచరిత్ర అంతా ఇలా ఉటంకింపుల్లోనే దక్కిందని అనిపిస్తుంది. మనకి వాక్యం దొరుకుతుంది, జీవితం జారిపోతుంది. అందుకే వాక్యాన్ని విడగొట్టి మురిసిపోయే ప్రతి పద్ధతినీ మనం అనుమానించాలి, అది ఎంత స్త్రీవాద నినాదమైనా సరే.

ఇంకొంచెం ముందుకి పోతే మార్కాపురం. మనలో చాలామంది అక్షరాలు దిద్దిన రాతిపలక ఇక్కడి గనుల్లోంచి వచ్చింది. చెక్కచట్రంలో బిగించిన నల్లటి పలక, తడిగుడ్డతో తుడిస్తే మళ్ళీ కొత్తది. పలక మీద రాసింది నిలవదు, రాయడం నేర్చిన చెయ్యి నిలుస్తుంది. చొక్కా మీద రాసింది నిలుస్తుంది, దాన్ని మోసినవాళ్ళకి రాయడం రానక్కర్లేదు. ఈ పోలిక దగ్గర ఆగిపోతే అందంగానే ఉండేది. కానీ బాలకార్మికుల కోసం కేంద్రప్రభుత్వం 1988లో ప్రారంభించిన ప్రత్యేక ప్రాజెక్టుల తొలి జాబితాలో శివకాశి అగ్గిపెట్టెలు, ఫిరోజాబాద్ గాజు, మొరాదాబాద్ ఇత్తడి వరసలో మార్కాపురం పలక కూడా ఉంది. మిగిలిన పిల్లలంతా ఓనమాలు దిద్దుకోవాల్సిన పలకని ఇక్కడి పిల్లలు బడి మానేసి తయారుచేశారు. రాయి కోస్తుంటే లేచే సిలికా దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరితే ఇక బయటికి పోదు. ఇవాళ బడుల్లోంచి రాతిపలక దాదాపు పోయింది. కాగితం వచ్చింది, ప్లాస్టిక్ వచ్చింది. ఇక్కడి రాయి గోడలకీ నేలలకీ అతికే డిజైన్ పలకలై ఎగుమతి అవుతోంది. నా తరం చదువుకి ఆధారమైన వస్తువుని చదువుకోని పిల్లలు చేశారన్నది మాత్రం ఏ తడిగుడ్డతోనూ తుడిచేది కాదు.

చొక్కా కథా ఇదే. మన దేశంలో నూలు బనీన్లకీ టీషర్టులకీ ముఖ్య కేంద్రం తిరుప్పూరు. ఆ చుట్టుపక్కల కోయంబత్తూరు, దిండిగల్ వైపు నూలుమిల్లుల్లో పెళ్ళికాని ఆడపిల్లల్ని మూడేళ్ళ ఒప్పందం మీద తీసుకునే పద్ధతి ఒకటి పాతుకుపోయింది. పిల్లలు మిల్లు హాస్టల్లోనే ఉండాలి, బయటికి పోవడానికి అనుమతి కావాలి, రోజుకూలి తక్కువ. మూడేళ్ళూ పూర్తిచేస్తే చివర్న కొన్ని పదుల వేల రూపాయలు ఒక్కసారిగా చేతికిస్తామంటారు. మధ్యలో జబ్బుచేసి వెళ్ళిపోతే అదీ దక్కకపోవచ్చు. ఆ మొత్తం దేనికి? కట్నానికి. అందుకే ఆ పథకానికి 'సుమంగళి' అని పేరు పెట్టారు. 2010ల మొదట్లో కార్మిక హక్కుల సంఘాల నివేదికలు వరసగా దీన్ని బయటపెట్టాయి, కొన్ని పెద్ద కంపెనీలు ఆ మిల్లుల నూలు కొనమని ప్రకటించాల్సి వచ్చింది. కట్నం నిషేధ చట్టం వచ్చింది 1961లో. చట్టం నిషేధించినదాన్నే జీతంగా చూపించి ఆడపిల్లల వయసుని నూలుగా వడికారు.

బేస్తవారిపేట పిల్ల చొక్కా ఏ మిల్లు నూలో లేబులు చెప్పదు. లేబులు మీద సైజు ఉంటుంది, ఎలా ఉతకాలో ఉంటుంది, ఎవరు వడికారో ఉండదు. అయినా ఆ వాక్యాన్నీ ఆ పథకాన్నీ పక్కపక్కన పెట్టి చూడండి. ఆస్తిలేని ఆడపిల్లకి పెళ్ళి ఒక్కటే బతుకుదెరువు అయినప్పుడు లోకం ఎలా మాట్లాడుతుందో ఆస్టిన్ ఎత్తిపొడిచింది. రెండువందల ఏళ్ళ తర్వాత ఆ ఎత్తిపొడుపుని అచ్చువేసుకునే లాంటి గుడ్డకి, పెళ్ళి ఖర్చు కోసం మూడేళ్ళు హాస్టలు గోడల మధ్య గడిపిన పిల్లలు నూలు తీశారు. వాక్యానికి తెలియకుండానే గుడ్డ దానికి వ్యాఖ్యానం అయింది.

మన వైపు చూసినా ఆ భయం తీరిపోలేదు. ఉమ్మడి ఆస్తిలో కూతుళ్ళకి కొడుకులతో సమానంగా హక్కునిస్తూ ఆంధ్రప్రదేశ్ 1986లో హిందూ వారసత్వ చట్టాన్ని సవరించింది. అప్పటికే పెళ్ళయినవాళ్ళని పక్కన పెట్టింది. దేశమంతటికీ ఆ హక్కు వచ్చేసరికి 2005 అయింది. కాగితం మీద బెన్నెట్ కూతుళ్ళకంటే మన పిల్లలు నయం. కానీ వాటా అడిగిన కూతురు పుట్టింటికి పరాయిదవుతుందన్న బెదిరింపు ఏ చట్టంలోనూ లేదు, ప్రతి ఇంట్లోనూ ఉంది. పెళ్ళిలో ఇచ్చాం కదా అన్న ఒక్కమాటతో పొలం మగపిల్లల పేరన ఉండిపోతుంది. లోకమంతా ఒప్పుకున్న సత్యాలు మనకీ ఉన్నాయి. వాటిని ఎవరూ చొక్కా మీద వేసుకోరు, వేసుకోనక్కర్లేకుండానే అందరికీ కంఠతా వచ్చు.

మరి ఈ చొక్కాల్ని ఏం చేయాలి? సంస్కృతి దిగజారిందని నిట్టూర్చే పని మనది కాదు. ఆడపిల్ల తన ఒంటిమీద ఒక స్త్రీ వాక్యాన్ని వేసుకుని బస్టాండులో నిలబడటంలో ఒక ధైర్యం ఉంది, చున్నీ ఉన్నా సరే. పేరు దాచుకుని రాయాల్సి వచ్చిన మనిషి వాక్యం ఆమె పేరు ఎన్నడూ వినని ఊళ్ళో ఎండలో తిరుగుతోందంటే నాకు సంతోషమే. మనం చేయగలిగింది ఆ వాక్యానికి దాని రెండో వాక్యాన్ని తిరిగి ఇవ్వడం. ఎవరన్నారు, ఎవరితో అన్నారు, నవ్వుతూ అన్నారా ఏడుస్తూ అన్నారా అని అడగడం. సాహిత్యం పాఠం చెప్పే మనకి ఇది అలవాటైన పనే. అలవాటు లేనిది ఆ తర్వాతి ప్రశ్న, గుడ్డని అడగాల్సిన ప్రశ్న. పత్తి ఎవరు తీశారు, నూలు ఎవరు వడికారు, వాళ్ళకి ఏం ముట్టింది?

వాక్యం ఎవరిదో తెలుసుకోవడాన్ని మనం పరిశోధన అంటున్నాం. గుడ్డ ఎవరిదో తెలుసుకోవడాన్ని కూడా పరిశోధన అనే రోజు వస్తేనే, పలక మీద అక్షరం దిద్దిన చేతుల చరిత్రలోకి పలక కోసిన చేతులు వస్తాయి.